శిలువ రాయి చుట్టూ పరుగు

మా ఊరి మగవాళ్ళకి ఏడాదికొకసారి పిచ్చి పట్టేది. ఫిబ్రవరి మొదటి శనివారం, పట్టపగలు, శుభ్రమైన కోట్లు వేసుకుని మరీ పట్టేది. ఆ పిచ్చికో పేరుంది, జెండా ఉంది, నియమాలున్నాయి. హార్ల్‌డెన్ దొంగల వేట సంఘం. నేను ఆ ఊళ్ళో రెండు పొట్టేళ్ళు అనే పబ్బు నడిపినదాన్ని. అది మా ఆయన తాతలనాటిది, ఆయన పోయాక నా నెత్తిన పడింది. సంఘం విందు ఎప్పుడూ మా మేడ మీదే. వండేది నేను, వడ్డనకి పళ్ళేలు సర్దేది నేను, ఎంగిలి గిన్నెలు తోమేది నేను, ఆ గదిలో అడుగు పెట్టకూడనిది కూడా నేనే. ఆడవాళ్ళు లోపలికి రాకూడదట. గుమ్మం దాకా మోసుకెళ్ళి అక్కడ అందించాలి. అదేమిటయ్యా అంటే అది ఆచారం అనేవాళ్ళు. వాళ్ళ ఆచారం తగలెయ్య, వాళ్ళు విప్పిన ముప్ఫై కోట్లు గోడకి తగిలించేది కూడా నేనే.

సంఘం పుట్టినప్పుడు అది వేళాకోళం కాదు. ఇంచుమించు రెండు వందల ఏళ్ళ కిందట మా కొండల్లో పోలీసు అనేవాడు లేడు. దొంగలు గుర్రాల్ని తెల్లారేలోపు కొండ దాటించేసేవాళ్ళు. ఊరి రైతులు విసిగిపోయి ఒక ఒప్పందం చేసుకున్నారు. ఎవరి పశువు పోయినా మిగిలినవాళ్ళంతా గుర్రాలెక్కి తరమాలి. దొరికిన చోట అందరూ వరసగా నిలబడి, ఇది ఫలానావాడిదే, మేమెరుగుదుం అని సాక్ష్యం చెప్పాలి. ఒక్కడి మాట చెల్లదు, ఊరంతా చెబితే చెల్లుతుంది. గుర్రాలెక్కి తరుముతారు కాబట్టి వాళ్ళని రౌతులన్నారు, వాళ్ళ నాయకుణ్ణి పెద్ద రౌతు అన్నారు. తర్వాత పోలీసులొచ్చారు, గుర్రాలు పోయి ట్రాక్టర్లొచ్చాయి. తరమడానికి ఎవరూ లేక విందు మాత్రం మిగిలింది.

ఆ విందుకొక తంతుంది. మెట్లెక్కేముందు ఒక్కొక్కరూ తోలుసంచీలో చెయ్యి పెట్టి ఒక చిక్కుడు గింజ తీసుకోవాలి. అన్నీ తెల్లవి, ఒక్కటి నల్లది. నల్లగింజ వచ్చినవాడు కిక్కురుమనకుండా జేబులో వేసుకోవాలి. అందరూ కూర్చున్నాక, ఇంకా సూపు కూడా రాకముందే, పెద్ద రౌతు లేచి ఎవరి సొత్తు పోయిందని అడుగుతాడు. నల్లగింజవాడు లేవాలి. ఏం పోయింది, ఎప్పుడు పోయింది, ఎవరి మీద అనుమానం. ఈ మూడింటికీ వాడు ఏడుపు మొహం పెట్టుకుని అబద్ధాలు చెప్పాలి. ఒక ఏడు చర్చి గురువుగారు తన ఆదివారపు ప్రసంగం ఎవరో ఎత్తుకుపోయారన్నాడు. అనుమానం ఎవరి మీదంటే, విన్నవాళ్ళెవరికీ గుర్తులేదు కాబట్టి అందరి మీదా అన్నాడు. ఇంకో ఏడు బేకరీ అతను తన నడుము పోయిందన్నాడు. ఎంత దిగాలుగా చెబితే అంత మెచ్చుకునేవాళ్ళు. చివర్లో, ఇది హాస్యం కాదు, దేవుడి తోడు, అని ప్రమాణం చెయ్యాలి. అది ఎంత గట్టిగా చేస్తే అంత నవ్వు. అప్పుడు పెద్ద రౌతు వాడి భుజం మీద చెయ్యేసి, నీ సొత్తు నీకు చేరేదాకా మాకు నిద్ర లేదు అంటాడు. అంతే, ముప్ఫైమందీ గరిటెలూ గొడుగులూ పట్టుకుని మెట్ల మీద దడదడలాడుతూ దిగి, సంత వీధి మధ్యనున్న శిలువ రాయి చుట్టూ మూడు చుట్లు పరిగెత్తి, రొప్పుకుంటూ పైకెళ్ళి సూపు తాగుతారు. దొంగని తరిమేసినట్టే లెక్క.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ పరుగు చూస్తే నాక్కూడా నవ్వొచ్చేది. ఎనక్ గార్‌సైడ్ సంగతి జరిగేదాకా.

ఎనక్‌ది పై గట్టు మీద ఒంటరి ఇల్లు. చుట్టూ గొర్రెలు, గాలి, రాతిగోడలు. మనిషి బక్కగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరికో అడ్డొచ్చినట్టు పక్కకి ఒదిగి నిలబడేవాడు. నత్తి. పదిమందిలో నోరు విప్పాలంటే చెమటలు పట్టేవి. అయినా సంఘం విందుకి ఒక్క ఏడూ మానలేదు. వాళ్ళ ముత్తాతల ముత్తాత మొదటి రౌతుల్లో ఒకడు. గోడవార కూర్చుని, పెట్టింది తిని, అందరితో పాటు చుట్లు తిరిగి, నాకు థాంక్స్ చెప్పి వెళ్ళేవాడు. నాకు థాంక్స్ చెప్పేది అతనొక్కడే. ఎప్పుడూ అతనికి తెల్లగింజే వచ్చేది. నల్లది వస్తే పాపం ఏం చేస్తాడో అని మిగతావాళ్ళు పందేలు కాసేవాళ్ళు.

అతని భార్య ఆల్మా. ఒకప్పుడు చర్చిలో పాడితే కిటికీ అద్దాలు అదిరేవి. ఆమెకి పక్షవాతం వచ్చి, కాలు కొంత తిరిగొచ్చింది కానీ మాట రాలేదు. మొగుడి పేరు పోయింది, తల్లి పేరు పోయింది, అన్నం నీళ్ళు అడిగే మాట కూడా పోయింది. ఒక్కటే మిగిలింది. డైనా. అది వాళ్ళ ముసలి ఆడగుర్రం పేరు. గోధుమరంగు, కొండజాతి పొట్టి గుర్రం, వెనక కాలు ఒకటి తెలుపు. ఆల్మా చేతుల్లో పుట్టింది, ఆల్మా సీసాతో పాలు పట్టి పెంచింది. పొద్దున్నే ఆల్మా గేటు దాకా నడిచి ఆ పేరు పిలిచేది. పై చేలోంచి ఆ ముసలిది తల ఊపుకుంటూ వచ్చేది. ఆ నాలుగడుగుల కోసమే ఆమె మంచం దిగుతోందని డాక్టరు చెప్పాడట. ఒకసారి ఎనక్ ఏదో పనున్నట్టు ఊరికే వచ్చి, నా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, నా పేరు పోతే పోయిందిలే నెల్లీ, పిలిస్తే పలికేది ఇంకోటుంది కదా అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి చాలాసేపు పట్టింది. నేను బంగాళాదుంపల వంక చూస్తూ కూర్చున్నాను.

ఆ శనివారం పొద్దున ఆల్మా పిలిస్తే డైనా రాలేదు. ఎనక్ వెళ్ళి చూస్తే పై చేను గేటు కీలాలనుంచి ఊడదీసి గోడకి ఆనించి ఉంది. బురదలో లారీ చక్రాల జాడలు. అప్పట్లో కొండగుర్రాలకి మా వైపు కాగితాలూ ముద్రలూ ఉండేవి కావు. ఎత్తుకుపోయినవాళ్ళు కొండకవతల కెటర్‌బీ సంతకి తోలేవాళ్ళు. శనివారం మధ్యాహ్నం సంత. అక్కడ కొన్న ముసలి గుర్రాలు ఎక్కడికి పోతాయో అందరికీ తెలుసు. నేరుగా కబేళాకి.

ఎనక్ పోలీసులకి ఫోను చేశాడు. నత్తితో అతను చెప్పేది సగం విని, సోమవారం వస్తామన్నారు. ఒక్కడే సంతకి పోదామా అనుకున్నాడు. కానీ సంతలో ఒక పద్ధతుంది. ముద్ర లేని గుర్రాన్ని నాదీ అంటే సరిపోదు, దాన్నెరిగినవాళ్ళు ఇద్దరు పక్కన నిలబడి అవునని చెప్పాలి. ఆ గట్టు మీద ఇరుగూ పొరుగూ ఎవరున్నారు? ఆల్మాని నిలబెడితే ఏం చెబుతుంది? అప్పుడు గుర్తొచ్చింది అతనికి, ఇవాళ విందని. డైనాని ఎరిగిన మగవాళ్ళంతా మధ్యాహ్నం ఒకే గదిలో ఉంటారు. దానికి నాడాలు కొట్టినవాడు, దానికి దాణా అమ్మినవాడు, చిన్నప్పుడు దాని మీదెక్కి తిరిగినవాళ్ళు, అందరూ. పైగా ఆ సంఘం పుట్టిందే ఇందుకు. పిచ్చి మనిషి, తన అదృష్టం బాగుందనుకున్నాడు.

అప్పుడు పెద్ద రౌతు రోలండ్ టాస్కర్. దాణా కొట్టు. మంచివాడే, చెడ్డవాడని నేననను. నోరు పెద్దది, నవ్వు పెద్దది, కోటు మీద ఇత్తడి బిళ్ళ ఇంకా పెద్దది. మెట్ల దగ్గర ఎనక్ అతన్ని పట్టుకున్నాడట. చేలో వేసుకునే బట్టలు, భుజం మీద గుర్రప్పగ్గం. డ-డ-డైనా అని మొదలుపెట్టగానే టాస్కర్ మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్ళకి నల్లగింజ ఎనక్‌కి వచ్చింది, పైగా ముందే తెలిసినట్టు వేషం కూడా వేసుకొచ్చాడు, అనుకున్నాడు. ఇక్కడ చెప్పి పాడు చెయ్యకు పెద్దాయనా, పైన అందరి ముందూ చెబుదువుగాని అని, చెయ్యి పట్టుకుని తనే పైకి తీసుకెళ్ళాడు. ఎనక్ సరేనన్నాడు. ఫిర్యాదు అందరి ముందూ చెప్పాలన్నది పాత నియమమే మరి.

నేను సూపు బాన పట్టుకుని మెట్ల మధ్యలో ఉన్నాను. నాకు వినపడింది నవ్వే. లోపల ఏం జరిగిందో తర్వాత పోస్టాఫీసు క్లెమ్ ఓగ్డెన్ చెప్పాడు, చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు.

టాస్కర్ ఎవరి సొత్తు పోయిందని అడగ్గానే ఎనక్ లేచాడట. గదంతా ఈలలు, బల్లల మీద దరువులు. ఏం పోయిందంటే డైనా అన్నాడు. ఎప్పుడంటే తెల్లారగట్ల అన్నాడు. అనుమానం ఎవరి మీదంటే లారీవాళ్ళ మీద, కెటర్‌బీలో అమ్మేస్తారు, మీరంతా నాతో వచ్చి అది నాదని ఒక్క మాట చెబితే చాలు, ఇప్పుడే వెళ్ళాలి అన్నాడు. ఇంత పొడుగు మాట ఎనక్ నోట ఎవరూ ఎన్నడూ వినలేదు. నవ్వి నవ్వి కొందరు పొట్టలు పట్టుకున్నారు. ఒకడు కుర్చీలోంచి కిందికి జారాడు. ఎనక్ ఎర్రబడిపోయి, "ఇది హాస్యం కాదు" అన్నాడట. ఇంకేముంది, చప్పట్లు. "దే-దేవుడి తోడు, హాస్యం కాదు" అన్నాడట. మేడ కూలిపోతుందేమో అనిపించింది నాకు. అతను నిజం చెప్పడానికి ఏ మాట వాడినా ఆ మాట వాళ్ళ ఆటలో ముందే ఉంది.

అప్పుడు టాస్కర్ లేచి అతని భుజం మీద చెయ్యేశాడు. నీ సొత్తు నీకు చేరేదాకా మాకు నిద్ర లేదన్నాడు. ఎనక్ ఆ మాట ఏటేటా వింటున్నదే, అది తంతేనని అతనికి తెలుసు. కానీ ఆ రోజు టాస్కర్ కళ్ళల్లో నీళ్ళున్నాయి. నవ్వి నవ్వి వచ్చిన నీళ్ళు. ఎనక్‌కి అవి వేరేగా కనపడ్డాయి. అర్థం చేసుకున్నారనుకున్నాడు.

అందరూ మెట్లు దిగుతుంటే నేను గోడకి అతుక్కుపోయి బాన కాపాడుకున్నాను. ముందు ఎనక్ దిగాడు. ఆ మొహం నాకిప్పటికీ కళ్ళ ముందుంది. ఏడుపూ నవ్వూ కలిసిపోయి, చిన్నపిల్లాడి మొహంలా ఉంది. వెనక ముప్ఫైమంది మగాళ్ళు గరిటెలతో, కేకలతో. నేను బాన దించి వీధి గుమ్మంలోకొచ్చాను. వాళ్ళు శిలువ రాయి వైపు తిరిగారు. ఎనక్ తిరగలేదు. వీధి చివర ఆపిన తన పాత వ్యాను దగ్గరికి తిన్నగా పరిగెత్తాడు. ముందు తలుపు తీశాడు, వెనక తలుపులు రెండూ బార్లా తీశాడు, లోపలున్న గోనెసంచులు పక్కకి లాగాడు, మనుషులు కూర్చోడానికి. ఇంజను స్టార్ట్ చేశాడు. వాళ్ళు ఒక చుట్టు తిరిగారు, రెండు చుట్లు తిరిగారు, మూడో చుట్టు తిరిగి ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ పబ్బులోకి వచ్చేశారు. నెల్లీ, సూపు, సూపు అని అరుస్తూ పైకి పోయారు.

ఎనక్ వ్యాను పక్కన నిలబడి ఉన్నాడు. మంచు సన్నగా పడుతోంది. నేను ఆప్రాన్‌తోనే వెళ్ళి ఏమైంది ఎనక్ అని అడిగాను.

"వస్తున్నారు. కోట్ల కోసం వెళ్ళారు" అన్నాడు.

ఎక్కడికి అన్నాను. అప్పుడు చెప్పాడు. నాకు చెప్పేటప్పుడు పెద్దగా నత్తి రాలేదు. గేటు సంగతి, లారీ సంగతి, సంత మూడు గంటలకి అయిపోతుందని. ఆల్మా ఇంకా గేటు దగ్గరే ఉందని, పిలిచి పిలిచి గొంతు పోయిందని, లోపలికి రమ్మంటే చెయ్యి కొరికిందని చూపించాడు. నిజంగానే బొటనవేలి దగ్గర పళ్ళగుర్తులున్నాయి. నేను తలెత్తి మా మేడ కిటికీ వంక చూశాను. కుర్చీలు లాక్కుంటున్న చప్పుడు, గ్లాసుల చప్పుడు, ఎవడో ఎనక్ నత్తిని అనుకరిస్తున్నాడు. నా ఒళ్ళు మండిపోయింది.

ఇక్కడే ఉండు, తీసుకొస్తాను అని చెప్పి మెట్లెక్కాను. గుమ్మం దగ్గర ఆగలేదు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఆ గదిలోకి నేరుగా నడిచి, బల్ల చివర టాస్కర్ ముందు నిలబడి, ఎనక్ గుర్రం నిజంగానే పోయింది, అతను కింద మీకోసం ఎదురుచూస్తున్నాడు, లేవండి అన్నాను.

నవ్వులతో గది పగిలిపోయింది. నెల్లీని కూడా కలుపుకున్నాడ్రా ముసలాడు అని ఒకడు, ఈ ఏటి బహుమతి ఎనక్‌దే అని ఒకడు. టాస్కర్ లేచి నాకు వంగి దండం పెట్టి, ఆడమనిషి గదిలోకొచ్చినందుకు జరిమానా ఒక ముద్దు అన్నాడు. నేను నిజం అన్నాను, వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒట్టు అన్నాను, ఇంకా కొట్టారు. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు చూసి, అబ్బ ఏం నటిస్తోందిరా అన్నారు. ఇంతమంది చదువుకున్నవాళ్ళు, పిల్లలు గలవాళ్ళు, వీళ్ళకి మనిషి ఏడుస్తుంటే తెలియదా అని నాకు దిక్కు తోచలేదు.

అప్పుడు క్లెమ్ లేచాడు. పోస్టాఫీసు క్లెమ్, పిరికివాడు, ఎవరి మాటకీ ఎదురు చెప్పేవాడు కాదు. చొక్కా జేబులోంచి ఏదో తీసి బల్ల మీద పెట్టాడు. నల్లగింజ.

"నాకొచ్చింది. ఎనక్ లేస్తే ఈ ఏడు రెండు వేశారేమోలే, బతికిపోయాననుకున్నాను. సంచీలో నల్లది ఒకటే వేశారా రోలండ్ గారూ?"

టాస్కర్ వేసింది ఒకటే. ఆ గింజ వంక చూస్తూ కూర్చున్నాడు, చెయ్యి మాత్రం గ్లాసు చుట్టూ అలాగే ఉంది. గదిలో ఒక్కొక్కడి మొహంలోంచీ రంగు దిగిపోవడం నేను చూశాను. ఎవడో మెల్లిగా, ఇందాక దేవుడి తోడన్నాడు కదూ అన్నాడు. మరొకడు గబగబా కోటు కోసం లేచి కుర్చీ తన్నేశాడు.

కిందికి వచ్చేసరికి వ్యాను లేదు. నేను తీసుకొస్తానన్నాను కదా, వెనకాలే వచ్చేస్తారని బయల్దేరి ఉంటాడు. టైము అయిపోతోంది మరి. మంచులో చక్రాల జాడ కొండ దారి వైపు తిరిగి ఉంది.

ఎన్ని కార్లున్నాయో అన్నీ తీశారు. నేను టాస్కర్ కారులో వెనక సీట్లో కూర్చున్నాను. ఎవడూ వద్దనలేదు. కొండ మీద దారి జారుడుగా ఉంది, పైన పొగమంచు. ఎంత తిట్టుకున్నా బండి మనిషి నడకంత వేగంతోనే పోయింది. నేను దారంతా నోరు మూసుకోలేదు. అనాల్సినవన్నీ అన్నాను. ఏమన్నానో ఇక్కడ రాస్తే బాగుండదు.

సంత ఖాళీ అవుతోంది. కమ్మీల మధ్య గడ్డి ఊడుస్తున్నారు. చివరి దొడ్డి దగ్గర ఎనక్ నిలబడి ఉన్నాడు, పగ్గం చేతిలో పట్టుకుని. దొడ్డి ఖాళీగా ఉంది. పక్కన సంత గుమాస్తా. నెరిసిన జుట్టు మనిషి. మా అందరినీ చూసి మా కార్లని చూసి, ఎనక్ వైపు తిరిగి చూశాడు. తర్వాత మా దగ్గరికొచ్చాడు.

"మీరేనా ఆ మనుషులు? ముప్ఫైమంది వస్తున్నారు, నా వెనకాలే ఉన్నారు అన్నాడండీ ఈయన. ఆ మాట మీద చివరి లారీని ఎంతసేపు ఆపగలనో అంతసేపూ ఆపాను. కొన్నవాళ్ళు నా మీద పడి తిట్టారు. వస్తారు, వస్తారు అంటాడాయన. ఇద్దరు చాలండీ, ముప్ఫైమంది ఎందుకు? ఇప్పుడే వెళ్ళింది."

ఎనక్ మెల్లిగా టాస్కర్ దగ్గరికి వచ్చాడు. కోపంగా ఉంటే బాగుండేది. పగ్గంతో మొహాన కొట్టినా బాగుండేది. అతను మా తరఫున తను సిగ్గుపడుతున్నట్టున్నాడు.

"పేరు పెట్టి పిలిస్తే కమ్మీ దాకా వచ్చింది బాబూ. నా చేతిలో మూతి పెట్టింది. అది చా-చాలదన్నారు" అన్నాడు.

అప్పుడు కార్లు మళ్ళీ కదిలాయి. కెటర్‌బీ నుంచి మూడు దారులు. మూడింటి మీదా పోయారు. నిజంగా తరిమారు, తాతలనాటి రౌతులకేం తీసిపోలేదు. క్లెమ్ ఒక గొర్రెల లారీకి అడ్డంగా కారు పెట్టి డ్రైవరు చేతిలో తన్నులు తిన్నాడు. టాస్కర్ వాళ్ళకి సాయంత్రానికి కబేళా గుర్రాల్ని ఓడెక్కించే రేవు దగ్గర లారీ దొరికింది. అది ఖాళీగా ఉంది. నీళ్ళు కొట్టి కడుగుతున్నారు.

నేను ఎనక్‌తో వ్యానులో వాళ్ళింటికి వెళ్ళాను. ఆల్మా గేటు దగ్గరే ఉంది, దారినపోయేవాళ్ళెవరో ఆమె మీద దుప్పటి కప్పి వెళ్ళినట్టున్నారు. వ్యాను వెనక తలుపులు తనే తీసి లోపలికి చూసింది. గోనెసంచులు తడిమింది. ఎనక్ ఆమె చెయ్యి పట్టుకుని, రేపు వస్తుంది, పై చేలో ఉంది అన్నాడు. తలుపులు మూసి లోపలికి తీసుకెళ్ళాడు. నేను గిన్నెలు కడిగి, పొయ్యి రాజేసి, వాళ్ళకి ఇన్ని గుడ్లు వండి పెట్టి వచ్చాను. ఇద్దరూ తినలేదు.

ఆ వారమంతా మా ఊళ్ళో మగాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పబ్బుకొచ్చి మాట్లాడకుండా తాగి వెళ్ళేవాళ్ళు. చివరికి టాస్కరే ఒక ఆలోచన చేశాడు. కొండ కిందనున్న పల్లెల్లో వెతికి, అచ్చం డైనా లాంటి ఆడగుర్రాన్ని సంపాదించాడు. గోధుమరంగు, వెనక కాలు తెలుపు. ఆల్మాకి తేడా తెలియదనుకున్నాడు. నాకు నమ్మకం లేదు గానీ ఏమీ అనలేదు, పాపం వాళ్ళకీ ఏదో ఒకటి చెయ్యాలని ఉంటుంది కదా.

ఆదివారం చర్చి అయ్యాక అందరూ గట్టు మీదికి నడిచే వెళ్ళారు. మళ్ళీ ఆ మంచి కోట్లే. ముందు టాస్కర్, చేతిలో కొత్త గుర్రం. నేను పొద్దున్నే వెళ్ళి ఆల్మా పక్కన ఉన్నాను. ఆమె చేతిలో రొట్టెముక్క. గుర్రాన్ని దూరం నుంచి చూడగానే ఆమె నా చెయ్యి విదిలించుకుని గేటు దాటింది. గోడవార నిలబడ్డ మగాళ్ళంతా టోపీలు తీసేశారు.

ఆల్మా గుర్రం మెడ నిమిరింది. చెవి పట్టుకుని చూసింది. చుట్టూ తిరిగి, వంగి, ఆ తెల్ల కాలిని చూసింది. గుర్రం రొట్టె కోసం మూతి చాపితే చెయ్యి వెనక్కి లాక్కుంది. తర్వాత టాస్కర్‌కి ఎదురుగా వచ్చి నిలబడి అతని మొహంలోకి చాలాసేపు చూసింది. పగ్గం పట్టుకున్న మనిషి కదా, గుర్రాల సంగతి ఇతనికి తెలిసుంటుంది అనుకుందేమో. అతని చెయ్యి తీసుకుని, వేళ్ళు విప్పి, ఆ రొట్టెముక్క అందులో పెట్టి, మళ్ళీ వేళ్ళు మూసింది. దారి వైపు చెయ్యి చూపించింది.

"డైనా" అంది. బొంగురుపోయిన గొంతుతో, మెల్లిగా, నచ్చజెప్పినట్టు.

టాస్కర్ కదల్లేదు. ఆల్మా అతని ఛాతీ మీద చెయ్యి పెట్టి వెళ్ళమని తోసింది. మళ్ళీ తోసింది. క్లెమ్ వైపు, మిగతావాళ్ళ వైపు తిరిగి, కోళ్ళని అదిలించినట్టు రెండు చేతులతో అదిలించింది. అందరూ వెళ్ళండి, తీసుకురండి, అని. నేను ఎనక్ వైపు చూశాను. అతను గోడ వైపు తిరిగిపోయాడు.

వాళ్ళు వెళ్ళారు. కాదనడం ఎవరికి చేతనవుతుంది? టాస్కర్ కొత్త గుర్రం పగ్గం నా చేతికిచ్చి, రొట్టెముక్క గుప్పిట్లో పట్టుకుని, దారిలోకి నడిచాడు. వెనక మిగతా అందరూ, టోపీలు చేతుల్లో పట్టుకునే. రాతిగోడ మలుపు దాటి కనపడకుండా పోయారు. అక్కడ ఆగిపోయారని తర్వాత తెలిసింది. ముందుకి ఎక్కడికి పోవాలో తెలియదు, వెనక్కి రావడానికి మొహం చెల్లదు. చీకటి పడి ఆల్మాని లోపలికి తీసుకెళ్ళేదాకా ఆ మలుపు వెనకే, చలిలో, అందరూ నిలబడ్డారట.

ఆల్మా మాత్రం ఆ పూట నెమ్మదించింది. వారం రోజుల తర్వాత మొదటిసారి పిలవడం ఆపింది. గేటు మీద మోచేతులు ఆనించి, దారి వంక చూస్తూ నిలబడింది. అంతమంది వెళ్ళారు కదా, తీసుకొస్తారని.